అరవై ఒక్క గూడబాతులు

రేంజరమ్మ జడ సగం అల్లుకునేసరికి ఫోన్ మోగింది. పొద్దున్న ఏడు కూడా కాలేదు. వంటింట్లోంచి అత్తగారు, “మీ పిట్టల్లో దేనికో జలుబు చేసుంటుంది, ఎత్తు” అంది. కోడలు అటవీశాఖలో చేరి ఇరవై రెండేళ్లయినా ఆవిడ ఈ వేళాకోళం మానలేదు.

ఫోన్‌లో డబ్బా బాబాయ్.

“అమ్మాయ్, గూడబాతులు లేవట్లేదు.”

“లేవకపోవడమేంటి బాబాయ్?”

“బాగా తెల్లారింది. ఈపాటికి చెరువుల మీద గోల గోలగా ఉండాలి. గట్టు మీదే పడున్నాయి. కొన్ని నీళ్లలో తేలుతున్నాయి.” గొంతు తగ్గించాడు. “నువ్వు రా. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు తల్లీ. మాటివ్వు.”

“ఎత్తను” అందామె, ముందూ వెనకా చూసుకోకుండా.

డబ్బా బాబాయ్ చేపల చెరువులకు కాపలాదారు. ఖాళీ నూనె డబ్బా మెడకు తగిలించుకుని, దాన్ని కర్రతో వాయిస్తూ, చేపల కోసం దిగే పక్షుల్ని పాతికేళ్లుగా తోలుతున్నాడు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఒకప్పుడు ఆయనా రేంజరమ్మ తండ్రీ ఒకే పడవలో వలలు వేసేవారు. తండ్రి పోయినా వరస పోలేదు.

పెద్ద చెరువు ప్రభుత్వానిది. దాని మధ్యలో, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద, ముక్కు కింద సంచి వేలాడే ఈ పెద్ద తెల్లపక్షులు, గూడబాతులు, ఏటా గూళ్లు కడతాయి. వాటి మీద చెయ్యి వేస్తే జైలని చట్టం. ఆ చెరువును ఆనుకుని గట్టుకు అవతల ఉన్న పన్నెండు చేపల చెరువులూ ప్రెసిడెంటుగారివి. ఆయన చేపల రైతుల సంఘానికి ప్రెసిడెంటు. ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు గానీ పిలుపు మాత్రం స్థిరపడిపోయింది. గూళ్లు ఇవతల, చేపలు అవతల. పిల్లల్ని పెంచే రోజుల్లో ఒక్కో గూడబాతు పూటకు సంచెడు చేపలు మోసుకుపోతుందని ప్రెసిడెంటుగారు ప్రతి మీటింగులోనూ వాపోయేవాడు.

రేంజరమ్మ, జీపు డ్రైవరు గోనెసంచులు పట్టుకుని గట్టెక్కారు. ఆమె ఇదివరకు చచ్చిన పక్షుల్ని చూసింది. వలలో చిక్కుకున్నవి, కరెంటు తీగలకు కొట్టుకున్నవి. అవి ఒకటీ అరా. ఇక్కడ గట్టు పొడుగునా తెల్లగా, ఎవరో బట్టలుతికి ఆరేసినట్టు పరుచుకుని ఉన్నాయి. కొన్నిటికి ఇంకా ప్రాణం ఉంది. మెడ ఎత్తబోయి, ఎత్తలేక, ముక్కు మట్టిలో గుచ్చుకుని పడిపోతున్నాయి. ఒకదాని గొంతుసంచిలో సగం మింగిన చేప ఉంది. ఆమె చేతికి తొడుగు వేసుకుని దాన్ని బయటికి తీసింది. చేప పొట్ట కోసి ఉంది. లోపల నల్లటి గుళికలు.

“పురుగుమందు” అన్నాడు డ్రైవరు, వాసన చూడకుండానే.

ఆమె పని మొదలుపెట్టింది. ప్రతి పక్షి కాలికీ అంకె రాసిన చీటీ కట్టింది, ఫొటో తీసింది, ఎక్కడ పడి ఉందో కొలత రాసుకుంది. ఏ కేసైనా కాగితాల దగ్గరే వీగిపోతుందని ఆమెకు తెలుసు. అంతకుముందు మూడు కేసులు అలాగే పోయాయి: ఒకదాంట్లో తేదీ తప్పు, ఒకదాంట్లో సీలు లేదు, ఒకదాంట్లో సాక్షి సంతకం బదులు వేలిముద్ర పడింది. ఈసారి సూదిమొనంత సందు కూడా వదలకూడదనుకుంది. మధ్యాహ్నానికి లెక్క అరవై ఒకటి తేలింది. వాటిలో ప్రాణంతో ఉన్న ఏడింటినీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సాయంత్రానికి అవీ పోయాయి. డాక్టరు చేతులు కడుక్కుంటూ, “గుళిక ఒక్కటి చాలమ్మా. వీటికి గుప్పెడు పెట్టారు” అన్నాడు.

మర్నాడు సోదా అనుమతి పట్టుకుని చేపల చెరువులకు వెళ్లింది. ప్రెసిడెంటుగారి గోదాములో ఏదో ఒకటి దొరుకుతుందని ఆమె నమ్మకం. గోదాము అద్దంలా ఉంది. నేల తడి కూడా ఆరలేదు. దొరికింది కాపలా గదిలో, డబ్బా బాబాయ్ మంచం కింద. సగం వాడిన మందు డబ్బా, రబ్బరు తొడుగులు, చేపల పొట్టలు కోసిన కత్తి. పురుగుమందుల దుకాణం రిజిస్టరులో కొన్నవాడి సంతకం కూడా ఆయనదే.

ఆయన గది గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. డ్రైవరును జీపు దగ్గరికి పంపి ఆమె పక్కనే కూర్చుంది.

“ఏంటి బాబాయ్ ఇది?”

“చెరువుల మేనేజరు తెచ్చిచ్చాడు. అంతకుముందు రోజు దుకాణానికి తీసుకెళ్లి, ఇక్కడో సంతకం పెట్టు అన్నాడు. పెట్టాను. ప్రెసిడెంటుగారు చెప్పారట, చేపల్లో కూరి గట్టు మీద పరవమని. మత్తుమందేలే, దిమ్మతిరిగి పారిపోతాయి, మళ్లీ రావు అన్నాడు.”

“నువ్వు నమ్మావా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. “పాతికేళ్లు పొలాల పక్కన బతికినవాణ్ణి, మందు వాసన నాకు తెలీదా తల్లీ? తెలిసే కూరాను. పొద్దున్న అవి మెడలు వాల్చేస్తుంటే చూడలేక నీకు ఫోన్ చేశాను.”

“ఇదంతా మేజిస్ట్రేటు ముందు చెప్తావా? చెప్తే నిన్ను సాక్షిగా పెట్టిస్తాను. ముద్దాయిగా కాదు.”

“చెప్తాను.” కళ్లు తుడుచుకుని, “నువ్వున్నావు కదా” అన్నాడు.

ఆ మాట ఆమెకు ధైర్యాన్నిచ్చింది. తర్వాత రోజుల్లో అదే గొంతులో ముల్లయింది.

ప్రభుత్వ వకీలు కాగితాలన్నీ చూసి పెదవి విరిచాడు. “మేడమ్, కాపలావాడి మాట ఒక్కటీ చాలదు. యజమాని చెప్పాడనడానికి ఇంకో ఆధారం కావాలి. మేనేజరు ఫోన్ల వివరాలు తెప్పించండి.” ఆమె పై అధికారికి రాసింది. ఆయన ఇంకో పై అధికారికి రాశాడు. కారణాలు వివరంగా లేవని ఆ కాగితం తిరిగొచ్చింది. వివరంగా రాస్తే, నమూనా ప్రకారం లేదని మళ్లీ తిరిగొచ్చింది. మూడోసారి వెళ్లిన కాగితం అసలు తిరిగే రాలేదు.

ఈలోగా చెట్ల మీద పిల్లలు అరవడం మొదలుపెట్టాయి. తల్లీతండ్రీ తిరిగి రాని గూళ్లు ముప్పైకి పైగా ఉన్నాయి. రేంజరమ్మ పడవ వేయించుకుని, పొడుగాటి వెదురుగడకు చిన్న చేపలు గుచ్చి కింది గూళ్లకు అందించింది. పై గూళ్లకు గడ అందలేదు. నిచ్చెన వేద్దామంటే నీళ్లలో అడుగు నిలవదు. కొమ్మ ఎక్కుదామంటే ఎండుకొమ్మలు, గూడంతా కూలుతుంది. రోజుకు రెండుసార్లు వెళ్లింది. మూడో రోజుకు అరుపులు సగమయ్యాయి. అయిదో రోజు పడవవాడు తెడ్డు ఆపి, “అమ్మా, ఇక చప్పుడు లేదండీ” అన్నాడు. కింది గూళ్ల నుంచి దింపినవాటిలో రెండు బతికాయి.

ఆ వారంలోనే ప్రెసిడెంటుగారు ఆమె ఆఫీసుకు వచ్చాడు. మామూలు చొక్కా, చేతిలో ఏమీ లేదు. కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు.

“మా కాపలావాడే ఇంత పని చేశాడని తెలిసి నాకు తల కొట్టేసినట్టయిందమ్మా. పాతికేళ్లు నా ఉప్పు తిన్న మనిషి. అయినా చట్టం ముందు నావాళ్లు, పరాయివాళ్లు అని ఉంటుందా? మీరు గట్టిగా కేసు పెట్టండి. ఏ సాయం కావాలన్నా నేనున్నాను.”

“మేనేజరును ఒకసారి పంపండి, వాంగ్మూలం తీసుకోవాలి.”

“అయ్యో, వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని ఊరెళ్లాడు. రాగానే పంపిస్తాను.” వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. “ఆ రోజు మీకు కబురు ఎవరు చెప్పారమ్మా? పుణ్యాత్ముడు. మెచ్చుకుందామని అడుగుతున్నాను, అంతే.”

“దారిన పోయేవాళ్లు” అంది.

మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు డబ్బా బాబాయ్ రాలేదు. ఆమె జీపు వేసుకుని ఇంటికి వెళ్తే ఆయన వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తలేదు.

“నేనే చేశానని చెప్పేస్తాను తల్లీ. నాకెవరూ చెప్పలేదు.”

“ఎవరొచ్చి బెదిరించారు బాబాయ్?”

“బెదిరించడం దేనికి? ఈ ఇల్లు వాళ్లది. కూతురూ అల్లుడూ వాళ్ల ఐసు ఫ్యాక్టరీలోనే పని. ముగ్గురు మనవలు. మేనేజరొచ్చి ఇక్కడే, నువ్వు నిలబడ్డచోటే నిలబడి, పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగి వెళ్లాడు. అంతే.” నవ్వబోయాడు. “నేనొక్కణ్ణే కదా పోయేది.”

“అయితే నాకు ఫోన్ చేసింది నువ్వేనని అయినా చెప్పనీ. శిక్ష తగ్గుతుంది. తప్పు చేసినా పశ్చాత్తాపపడ్డాడంటారు.”

వల పక్కన పడేసి ఆయన మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. “అది గానీ తెలిసిందా, రేపటికల్లా నా కూతురు పిల్లల్తో రోడ్డు మీద ఉంటుంది. మాటిచ్చావు.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంటికొచ్చాక ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. టైలరు పని చేసే భర్త మిషను ఆపి, “కేసు నీరుగారిపోతోందా?” అని అడిగాడు.

“లేదు. గట్టిగా ఉంది. అదే నా ఏడుపు.”

కేసు ఎనిమిది నెలల తర్వాత విచారణకు వచ్చింది. చిన్న హాలు, పైన గిర్రున తిరుగుతూ టకటకమనే ఫ్యాను. బోనులో డబ్బా బాబాయ్ ఎవరో ఇచ్చిన వదులు చొక్కాలో సగం అయిపోయినట్టున్నాడు. నేరం ఒప్పుకున్నా, శిక్ష ఎంత వెయ్యాలో తేల్చుకోవడానికి రేంజరమ్మ సాక్ష్యం వింటానన్నాడు మేజిస్ట్రేటు.

“మందు డబ్బా ఎక్కడ దొరికింది?” వకీలు అడిగాడు.

“కాపలా గదిలో.”

“ఆ గదిలో ఎవరుంటారు?”

“ముద్దాయి.”

“దుకాణం రిజిస్టరులో సంతకం?”

“ముద్దాయిది. కానీ అయ్యా, ఆయనకి ఆ మందు కొనాల్సిన అవసరం లేదు. చేపలు ఆయనవి కావు...”

“అడిగినదానికి జవాబు చెప్పండి” అన్నాడు మేజిస్ట్రేటు, విసుగు లేకుండానే. “ఇంకెవరైనా చేయించారనడానికి మీ దగ్గర ఆధారం ఉందా?”

ఆమె ఫైలు వైపు చూసింది. అరవై ఒక్క చీటీలు, నూట ఎనభై ఫొటోలు, ల్యాబు రిపోర్టు, ఎక్కడా చెదరని సీళ్లు. వాటిలో ఒక్కటి కూడా ప్రెసిడెంటుగారి వైపు వేలు చూపించదు.

“లేదండి.”

“మీకు మొదట సమాచారం ఎవరిచ్చారు?”

ఆమె తల తిప్పింది. బోనులోంచి ఆయన ఆమెనే చూస్తున్నాడు. కళ్లతోనే వద్దన్నాడు. వెనక బెంచీ మీద ప్రెసిడెంటుగారు చేతులు కట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు.

“చెప్పలేనండి.”

“తెలియదా, చెప్పలేరా?”

“చెప్పలేను.”

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. మూడేళ్లు. నోరులేని జీవాల పట్ల ఇంత కర్కశత్వం చూపినవాణ్ణి ఉపేక్షిస్తే సమాజానికి తప్పుడు సంకేతం వెళ్తుందన్నాడు. దర్యాప్తు ఎలా చెయ్యాలో ఈ అధికారిణిని చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలని కూడా అన్నాడు. ఆ మాట పేపర్లో పడింది, ఆమె ఫొటోతో సహా. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఏదో వేళాకోళం చెయ్యబోయి, కోడలి ముఖం చూసి పేపరు మడిచి పక్కన పెట్టేసింది.

శిక్ష పడిన పదిరోజులకు రేంజరమ్మ బాబాయ్ ఇంటికి వెళ్లింది. పిన్ని స్టూలు వేసింది, మంచినీళ్లిచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. గోడకానుకుని నిలబడింది.

“మీ బాబాయ్ నిన్ను ఏమీ అనుకోలేదు” అంది కాసేపటికి. “నేనే అనుకున్నాను. ఆ పొద్దున్న ఫోన్ చెయ్యొద్దని మొత్తుకున్నాను. ‘అది మన పిల్లే, మనకేం కానివ్వదు’ అన్నాడు.”

రేంజరమ్మ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. పై కోర్టుకు అప్పీలు వెయ్యొచ్చనీ, వకీలును తను చూస్తాననీ ఏదో అంది. పిన్ని అడ్డంగా తలూపింది.

“ఇక రాకు తల్లీ. నీ జీపు మా గుమ్మం ముందు ఆగితే పది కళ్లు చూస్తాయి.”

మరుసటి ఏడు గూడబాతులు వచ్చాయి, కానీ సగానికి సగం తక్కువ. వచ్చిన నెలకు పంతొమ్మిది చచ్చిపోయాయి. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడో రోజున గాలి అటు నుంచి వీచినప్పుడు వాసన వచ్చి తెలిసింది. అప్పటికి కుక్కలు సగం తినేశాయి. చేప ఒక్కటి కూడా మిగల్లేదు, గుళిక ఒక్కటీ కనిపించలేదు. కాపలా గదిలో కొత్త మనిషి ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడి, “నేను మొన్ననే చేరానండీ, నాకేం తెలీదు” అన్నాడు. ఆమె అప్పటికి ఏమీ అడగనేలేదు.

గట్టు దిగువన ఇళ్ల వరసలో జనం ఉన్నారు. కొళాయి దగ్గర ఆడవాళ్లు, సైకిలుకు గాలి కొట్టుకుంటున్న ఒకాయన, బిందె ఎత్తుకుంటూ పిన్ని. జీపు తమవైపు తిరగడం చూసి ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. పిన్ని వెళ్లలేదు గానీ, తల కూడా తిప్పలేదు.

“ఎవరినైనా అడుగుదామా మేడమ్?” అన్నాడు డ్రైవరు. “ఎవరో ఒకరు చూసే ఉంటారు.”

అడిగితే ఎవరో ఒకరు చెప్తారని ఆమెకూ తెలుసు. చెప్పినవాడి మంచం కింద ఏం దొరుకుతుందో కూడా తెలుసు.

“వద్దు” అంది. “సంచులు తియ్యి.”

ఇద్దరూ గట్టెక్కారు. ఆమె చీటీల మీద అంకెలు వేసుకుంటూ మొదటి పక్షి దగ్గర కూర్చుంది. కాళ్లు ఎండిపోయి పుల్లల్లా ఉన్నాయి. దారం ముడి జారిపోతుంటే రెండోసారి బిగించి కట్టింది.