ఓవెన్‌లో పిండి

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన లోకేష్ ముందు వంటగది చూపిస్తాడు. డిష్‌వాషర్, డ్రయర్, దానంతట అదే తిరిగే వాక్యూమ్. వాళ్లమ్మ బావి దగ్గర బండ మీద బట్టలుతికేదట, నాకేమో బటన్ నొక్కడమే పనట. వచ్చినవాళ్లు నవ్వుతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. మా అత్తగారు వారానికి ఉతికిన బట్టలు ఇక్కడ ఒక్క రోజులో బుట్టలో పడతాయి. ఒకసారి తుడుచుకున్న తువ్వాలు కూడా మాసినట్టే లెక్క. వాటిని మడతపెట్టే మెషీన్ మాత్రం ఆయన కొనలేదు.

మొన్న నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఒక ఫార్మా కంపెనీ ఉద్యోగమిస్తానంది. సోమవారంలోగా జవాబు చెప్పాలి. సంతోషంగా చెబితే లోకేష్ ల్యాప్‌టాప్ నుంచి తలెత్తలేదు.

"నువ్వు జాబ్‌కెళ్తే ఇల్లెవరు మేనేజ్ చేస్తారు, దమయంతీ? డిక్లైన్ చేసెయ్."

ఇన్నాళ్లూ లేని పని ఆ పూట ఎక్కడినుంచి ఊడిపడిందో! నేను వెళ్లి బట్టలు మడతపెట్టుకున్నాను. ఊరుకున్నానంటే ఒప్పుకున్నాననుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు స్నేహితులను దోసెలకు పిలిచాడు. శుక్రవారం పిండి రుబ్బి, చలికాలంలో ఇక్కడ మనవాళ్లందరూ చేసినట్టే, ఓవెన్‌లో పెట్టి, ఆ వెచ్చదనానికి పులుస్తుందని లోపలి లైటు వేశాను. ఏడేళ్లుగా దోసెలు తింటున్న మనిషికి ఆ పిండి ఎక్కడ పులుస్తుందో తెలియదు.

శనివారం వాళ్లొచ్చే వేళకు వంటగది ఆయనకు అప్పగించి సోఫాలో కూర్చున్నాను. ఫ్రోజెన్ సమోసాల కోసం లోపలికి చూడకుండానే ఓవెన్ నాలుగువందల డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టాడు. నా నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

కాసేపటికి కమురు వాసన, పొగ, అలారం మోత. పరుగున వెళ్లి ఓవెన్ కట్టేసింది నేనే. పిండి ఉన్న ప్లాస్టిక్ డబ్బా కరిగి ఓవెన్ లోపలి ఇనుప జాలీలకు అంటుకుంది. పిండి అట్టకట్టింది. అప్పుడే నిశాంత్, అతని భార్య రేణు, మిగతావాళ్లూ గుమ్మంలోకి వచ్చారు.

"మళ్లీ గ్రైండ్ చేస్తే ఎంతసేపు?" అని లోకేష్ నా చెవిలో గొణిగాడు.

నేను గొణగలేదు. అందరికీ వినబడేలా చెప్పాను. "రుబ్బడానికి ముప్పావుగంట. పులవడానికి రాత్రంతా. నేను జాబ్‌లో జాయినవుతున్నా, ఇక నుంచి వంటిల్లు మీరే చూసుకోండి."

ఈసారి రేణు ఒక్కతే నవ్వింది. మగవాళ్లు పిజ్జా ఆర్డర్ చేయడంలో పడ్డారు.

వాళ్లు తింటుండగానే కంపెనీకి వస్తున్నానని మెయిల్ పంపాను. తిరిగి చూస్తే లోకేష్ ఓవెన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని జాలీ గీకుతున్నాడు. పాపం అనిపించలేదు. రెండో జాలీ కూడా తీసి ఆయన పక్కన పెట్టి వచ్చాను.