పదకొండింటికి ఫైలు తెరిచేదెవరు

కొత్త వార్డు రేపు తెరుస్తారు. అందులో మంచాల నంబర్లు నూటొకటి నుంచి మొదలు. ఆసుపత్రి కంప్యూటర్లో మంచాల ఫైలుకు ఇన్నేళ్లూ రెండంకెల చోటే ఉంది. దాన్ని మూడంకెలకు పెంచడం ప్రోగ్రామరమ్మకు పది నిమిషాల పని, నిన్నే అయిపోయింది. ఆ ఫైలును ముట్టుకునే ప్రోగ్రాములన్నీ పట్టుకుని సరిచేయడమే అసలు పని. ఒక్కటి తప్పినా చివరి అంకె తెగి, నూట నాలుగు కాస్తా పది అయి కూర్చుంటుంది. ఒకరి పథ్యం ఇంకొకరి మంచానికి వెళ్తుంది.

ఆ ఫైలును ఏయే ప్రోగ్రాములు వాడుతున్నాయని ఆవిడ యంత్రాన్ని అడిగింది. అది పదిహేడు పేర్లు చెప్పింది. పదిహేడూ సరిచేసి, సూపరింటెండెంటుకు ఇవ్వాల్సిన కాగితం ముందు పెట్టుకుంది. 'మొత్తం పదిహేడు, అన్నీ సరిచేశాను' అని పన్నెండింటికల్లా సంతకం పెట్టాలి.

"పదిహేడేనా?" అన్నాడు కంప్యూటర్ ఆపరేటర్. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. "రోజూ పదకొండింటికి ఎవరో ఆ ఫైలు పట్టుకుని అరగంట వదలరమ్మా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా!"

ఆ పదిహేడింట్లో ఆ వేళకు నడిచేది ఒక్కటీ లేదు. ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. ఈ క్షణాన ఫైలు ఎవరి చేతిలో ఉందో చూపే తెర తెరిచి, నిమిషానికోసారి మీట నొక్కుతూ కూర్చుంది.

"దొంగ కోసం కాపు కాసినట్టుంది," అన్నాడు బాబాయ్.

"రోజూ టైముకొచ్చే దొంగేంటి బాబాయ్!"

పదకొండూ నాలుగు నిమిషాలకు తెర మీద ఒక వరస పడింది. టెర్మినల్ పేరు: వంటగది.

రెండంతస్తులు దిగి వెళ్లింది. వంటావిడ చేతులు తుడుచుకుంటూ తెర చదువుతోంది. మంచం నంబరు, పక్కన ఉప్పు వద్దు, చక్కెర వద్దు. బల్ల మీద పళ్లేలు వరసగా ఉన్నాయి.

"పిన్నీ, ఇది నీకెవరు చేసిచ్చారు?"

"ఎవరేంటే? నువ్వే! ఉద్యోగంలో చేరిన వారం. కాగితాలు తడిసిపోతున్నాయని నేను గోల పెడితే అరగంటలో చేసిచ్చావు. ఆరేళ్లయింది. మర్చిపోయావా?"

శుభ్రంగా మర్చిపోయింది. అది ప్రోగ్రాము కాదు, ఫైలును అడగడానికి రాసిపెట్టిన చిన్న క్వెరీ. ప్రోగ్రాములు చెప్పమంటే యంత్రం ప్రోగ్రాములే చెప్పింది.

"ఇందులో నంబరు రెండంకెలే కనిపిస్తుంది పిన్నీ. పేరు కూడా చూస్తావా?"

"నాకు పేర్లతో పనేంటి? నంబరు చూస్తా, పళ్లెం పంపుతా."

ప్రోగ్రామరమ్మ స్టూలు లాక్కుని అక్కడే కూర్చుని, ఈసారి క్వెరీలు కూడా చెప్పమని యంత్రాన్ని అడిగింది. అదొక్కటే ఉంది. దాన్ని మూడంకెలకు సరిచేసి, పరీక్ష కోసం ఒక రోగిని ఎక్కించింది.

వంటావిడ పైకి చదివింది. "నూట నాలుగు, చక్కెర వద్దు. ఎవరీయన?"

"ఎవరూ లేరు. ఉత్తుత్తి పేషెంటు."

"అయితే ఆయన పళ్లెం నువ్వు తినేసి పో."

ఆవిడ ఆ రోగిని చెరిపేసి, పళ్లెం ఖాళీ చేసి పైకి వచ్చింది. పన్నెండుకు పావు తక్కువ. కాగితం మీద పదిహేడు కొట్టేసి పద్దెనిమిది వేసింది.

"దొరికాడా దొంగ?" అన్నాడు బాబాయ్.

"నేనే బాబాయ్," అని సంతకం పెట్టింది.