కూర్చుని చూడు

"ఇప్పుడు కూర్చోండి" అంది కుర్చీ పిన్ని, డ్రెస్సు అంచు రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూస్తూ, తల ఎత్తకుండానే. పదహారేళ్ళుగా ఆ ట్రయల్ రూములో ఆ మాట అంటూనే ఉంది. కొనడానికి వచ్చిన బ్యాంకావిడకూ ఆ పద్ధతి అలవాటే కాబట్టి, వెనక్కి చూడకుండా కూర్చోబోయింది. అక్కడ కుర్చీ లేదు. కుర్చీ పిన్ని చటుక్కున ఆవిడ మోచేతులు రెండూ పట్టుకోకపోతే బ్యాంకావిడ నడుము ఆ పూట విరిగేదే.

కుర్చీ ఉండాల్సిన చోట నిలువెత్తు అద్దం వెలిసింది. చుట్టూ బల్బులు. ఆ వెలుగులో బ్యాంకావిడ పదేళ్ళు చిన్నదైపోయినట్టు కనిపిస్తోంది గాని, కూలబడడానికి మాత్రం జానెడు చోటు లేదు. కుర్చీ పిన్నికి ఒళ్ళు మండింది. ఎవరి పనో అడగక్కర్లేదు. వెనక ఉన్న తన కుట్టుగదిలోకి వెళ్ళి, మిషను ముందు తను కూర్చునే స్టూలు ఎత్తుకొచ్చి, అద్దానికి ఎదురుగా దబ్బున పెట్టింది. "ఇప్పుడు కూర్చోండి" అంది మళ్ళీ.

ఆ దుకాణంలో ఆఫీసులకు వెళ్ళే ఆడవాళ్ళ దుస్తులే అమ్ముతారు. ముందు పెద్ద హాలు, వెనక మూడు ట్రయల్ రూములు, వాటి వెనక ఒక బీరువా, ఒక మిషను పట్టేంత కుట్టుగది. కొన్న బట్టను ఒంటికి సరిచేసి ఇవ్వడం కుర్చీ పిన్ని ఉద్యోగం. పొడుగైతే తగ్గిస్తుంది, బిగుతైతే వదులు చేస్తుంది. జీతం ఆ పనికే. ప్రాణం మాత్రం అంతకుముందు జరిగే పరీక్ష మీద. కూర్చోమంటుంది. పై అరలో ఫైలుందనుకుని చేతులు ఎత్తమంటుంది. కింద పెన్ను పడిందనుకుని వంగమంటుంది. ఆఖరికి గట్టిగా దగ్గమంటుంది. ఒకసారి ఒకావిడ దగ్గితే గుండీ ఊడి ఎదురు గోడ మీది బల్బుకు తగిలింది. ఆ సంగతి దుకాణంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటేటా ఆ గుండీ వేగం పెరుగుతూ వస్తోంది.

బట్టలు అందరూ నిలబడి కొంటారు, ఆ తర్వాత ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుని ఏడుస్తారు అన్నది ఆమె వాదం. దుకాణం పెట్టిన పెద్దాయన మొదట్లో నవ్వాడు. ఆమె దగ్గి చూడమన్న బట్టలు తిరిగి రావడం లేదని గమనించాక, తన గదిలోని కుర్చీనే తెప్పించి ట్రయల్ రూములో వేయించాడు. ఆమెకు ఆ పేరు అప్పుడే వచ్చింది. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాక దుకాణం కూతురి చేతికొచ్చింది. చిన్న మేడమ్ చెడ్డ మనిషేం కాదు. చురుకైనది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాల్లో నిలబడే ఉంటుంది. లోకమంతా నిలబడే పనిచేస్తుందనుకుంటుంది, అక్కడే వచ్చింది చిక్కు.

కుర్చీ పిన్నికి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. పందొమ్మిదో ఏట ఆమె ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరింది. చేరడమంటే ఒక్క రోజే. వేసుకోవడానికి మంచి బట్టలు లేకపోతే అక్క తన డ్రెస్సు ఇచ్చింది. అక్క పుల్ల, చెల్లెలు బొద్దు. కడుపు లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి అద్దంలో చూసుకుంటే రాణిలా ఉంది. పదకొండు గంటలకు అధికారి పై అరలోని ఫైలు అందుకోమన్నాడు. చేయెత్తింది. చంక కింద కుట్టు బెత్తెడు మేర పర్రుమంది. ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడలేదు, ఆమెకు మాత్రం గోడ కూలినట్టు వినపడింది. అక్కణ్ణుంచి సాయంత్రం దాకా కుడి మోచేతిని డొక్కకు అదుముకుని ఎడమ చేత్తో టైపు కొట్టింది. నిమిషానికి నలభై మాటలు కొడతానని దరఖాస్తులో గొప్పగా రాసుకున్న పిల్ల ఒక్క ఉత్తరానికి గంట తీసుకుంది. ఐదింటికి అధికారి మర్యాదగానే చెప్పాడు, ఈ పని నీకు చేతకాదమ్మా అని. చేతకాక కాదు, చేయి లేవక అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆ మాట ముప్పై తొమ్మిదేళ్ళుగా గొంతులోనే ఉండిపోయింది. ఆ వారమే వెళ్ళి కుట్టుపనిలో చేరింది. పెళ్ళయింది, భర్త మంచివాడే, తొందరగా పోయాడు. పిల్లలు లేరు. ఇప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఎప్పుడు ఆ ప్రస్తావన వచ్చినా అక్క, తప్పు డ్రెస్సుది కాదు, నీ చేతిది అంటుంది. చెల్లెలు ఆ పూట అక్కకు ఉప్పు లేకుండా వండిపెడుతుంది.

బ్యాంకావిడ వెళ్ళిపోయాక చిన్న మేడమ్ కుట్టుగది గుమ్మంలోకి వచ్చింది. కుర్చీ తనే తీయించానంది. నడుము పట్టి ఉండే కొత్త రకం డ్రెస్సులు తెప్పించామని, అద్దంలో చూసుకుని అందరూ మురిసిపోతున్నారని, కూర్చోగానే విప్పి ఇచ్చేసి పోతున్నారని చెప్పింది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కుర్చీ పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ వింది.

"ఇంకొక్కరిని కూర్చోబెట్టినా రేపట్నుంచి మీరు రానక్కర్లేదు" అంది చిన్న మేడమ్.

"సరే మేడమ్" అంది కుర్చీ పిన్ని. ఏది సరేనో ఇద్దరిలో ఎవరూ తేల్చుకోలేదు.

మేడమ్ వెళ్ళాక దారం కొసకు ముడి వేసుకుంటూ ఆలోచనలో పడింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఈ గది పోతే రోజంతా ఇంట్లో అక్క నోటికి ఎదురుగా కూర్చోవాలి. ఉద్యోగం కావాలి, ఉండి తీరాలి. నిజంగా భయం వేసింది. భయం వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చి, చేతిలో ఉన్న గుండీని ఊడితే ఒట్టు అన్నట్టు బిగించి కుట్టింది.

పదకొండింటికి ఒక మేనత్త, మేనకోడలు వచ్చారు. పిల్లకు రేపే మొదటి ఉద్యోగం. ఇద్దరూ వీధిలోంచే దెబ్బలాడుకుంటూ వచ్చినట్టున్నారు, ఇద్దరి చేతుల్లోనూ చెరో డ్రెస్సు ఉంది. పిల్ల ఎంచుకున్నది కొత్త రకంలోది, ముదురు ఎరుపు, ఒంటికి అంటిపెట్టుకునేది. మేనత్త ఎంచుకున్నది గడ్డం దాకా కాలరు, మణికట్టు దాకా చేతులు, మడమల దాకా గుడ్డ. ఈ కాలం పిల్లలకు ఒళ్ళు కప్పుకోవడం తెలియడం లేదని, మీరైనా గడ్డి పెట్టండని మేనత్త కుర్చీ పిన్నికి ఫిర్యాదు చేసింది. పిల్ల ఎరుపుది వేసుకుని వచ్చి బల్బుల అద్దం ముందు నిలబడింది.

బాగుంది. కుర్చీ పిన్నికే ముచ్చటేసింది. తెర సగం తీసే ఉంది, హాల్లోంచి చిన్న మేడమ్ ఇటే చూస్తోంది. స్టూలు కుట్టుగదిలో మిషను ముందుంది. చాలా బాగుందమ్మా అని ఒక్క మాట అంటే పోయేదేమీ లేదు, గదీ మిగులుతుంది, జీతమూ మిగులుతుంది. కాని పిల్ల మెడ కింద ఎముకలు పైకి తేలి ఉన్నాయి, కడుపు లోపలికి పోయింది. ఆ బిగబట్టిన ఊపిరి ఎలాంటిదో కుర్చీ పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. గదిలోకి వెళ్ళింది, స్టూలు తెచ్చింది, పెట్టింది.

"కూర్చుని చూడు" అంది.

పిల్ల కూర్చుంది. అంచు తొడల పైకి ఎగబాకింది. రెండు చేతులా లాగి పట్టుకుంది. టైపు చేస్తున్నట్టు వేళ్ళు ఆడించమంది కుర్చీ పిన్ని.

"చేతులు ఖాళీ లేవండీ" అంది పిల్ల. అనేసి తనే నవ్వింది.

మేనత్త మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. రెండో డ్రెస్సులో పిల్ల కూర్చుంటే కాలరు గడ్డాన్ని పొడిచింది. చేతులెత్తబోతే మణికట్ల దగ్గర గుండీలు కోసుకున్నాయి. దగ్గమంటే దగ్గు రాలేదు, మొహం మాత్రం కందగడ్డయింది. ఆడపిల్ల అన్నాక కాస్త ఓర్చుకోవాలని మేనత్త నసిగింది.

అంచు దగ్గర కూర్చున్న కుర్చీ పిన్ని లేచి నిలబడింది. గొంతు పెంచలేదు గాని, హాల్లోకి వినపడాలనే అంది. "ఒళ్ళు చూపించమనీ చెప్పను, కప్పుకోమనీ చెప్పనమ్మా. అది తన ఇష్టం. ఒళ్ళు గుర్తుకు రాని బట్ట వేసుకోమంటాను. రేపు తను పని చేసుకోడానికి వెళ్తోంది, బట్టలు సర్దుకోడానికి కాదు."

కింది వరసలో ఎవరూ చూడని డ్రెస్సులు కొన్ని ఉంటాయి. అందులోంచి ఒకటి తీసింది. బూడిద కలిసిన నీలం, మెత్తటి నూలు, నడుము దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులు. మోచేయి దాటిన చేతులు, మోకాలు దాటిన అంచు, వంగినా జారని మెడ, రెండు జేబులు. పిల్ల దాన్ని చూసి మొహం చిట్లించింది. వేసుకుంది, కూర్చుంది, చేతులెత్తింది, వంగింది, దగ్గింది. జేబుల్లో చేతులు పెట్టుకుంది. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉండిపోయింది. అంచు కాస్త ఎత్తి కుట్టాలి, సాయంత్రం ఐదింటికి రమ్మంది కుర్చీ పిన్ని. తల తిప్పి చూస్తే హాల్లో చిన్న మేడమ్ లేదు.

ఎలాగూ ఊడిన ఉద్యోగం, ఇక మొహమాటం దేనికని, స్టూలు వెనక్కి తెచ్చుకోలేదు. ట్రయల్ రూములోనే ఉంచేసి, మిషను ముందు నిలబడి, ఒంటికాలి మీద బరువేసి రెండో కాలితో పెడలు తొక్కుతూ కుట్టింది. నడుము పీకేసింది. మధ్యాహ్నం అన్నం కూడా నిలబడే తింది. ఆ పూట ఇంకో ఐదుగురిని కూర్చోబెట్టింది. ముగ్గురు తెచ్చిన బట్ట మార్చుకున్నారు. ఒకావిడ బిగుతుదే కావాలంటే, నీ ఇష్టం తల్లీ అని చక్కగా సరిచేసి ఇచ్చింది. ఒకావిడకు వేసుకున్నదే సరిపోయింది.

ఐదింటికి మేనత్తా మేనకోడలూ వచ్చారు. పిల్ల డ్రెస్సు మార్చుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే స్టూలు మీద కూర్చుంది. కుర్చీ పిన్ని కింద కూర్చుని అంచు చూస్తుంటే, పిల్ల మేనత్తతో మాటల్లో పడింది. ఏ బస్సెక్కాలి, దిగాక ఎటు తిరగాలి, మొదటి రోజే పని ఇస్తారా, పక్క సీటువాళ్ళు మాట్లాడతారా. చేతులు తిప్పుతూ, ఒక కాలు మడిచి పైన పెట్టుకుని, జేబులోంచి కాగితం తీసి దారి చూపిస్తూ చెబుతూనే ఉంది. డ్రెస్సు ఊసే లేదు. బాగుందా అని అడగలేదు, అద్దం వైపు కన్నెత్తి చూడలేదు. కుర్చీ పిన్నికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను గెలిచిందని తెలుస్తోంది, ఎవరికైనా చెప్పుకుందామంటే చూపించడానికి ఏమీ లేదు. పిల్ల థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయి, మాట్లాడుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

దుకాణం మూసే వేళకు చిన్న మేడమ్ ఒక ప్లాస్టిక్ కవరుతో వచ్చింది. నాన్నగారికి ఫోన్ చేశానని, మిమ్మల్ని పంపించొద్దన్నారని మెల్లగా చెప్పింది. రేపట్నుంచి దుకాణంలో అందరికీ యూనిఫారం, ఇది మీది అంది. కోటు, సన్నటి స్కర్టు. అది వేసుకుని, స్టూలు కుట్టుగది దాటనివ్వకుండా ఉంటే చాలు, పొద్దున అన్న మాట మర్చిపోతానంది. ఇంత దిగి రావడం ఆవిడకు అలవాటు లేదని కుర్చీ పిన్నికి తెలుసు. కాదనడానికి మనసు కష్టపడింది.

కవరు తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్ళింది. జేబులున్న తన వదులు డ్రెస్సు విప్పి కోటూ స్కర్టూ వేసుకుని బల్బుల ముందు నిలబడింది. ఎవరో ఆఫీసరమ్మలా ఉంది. చిన్న మేడమ్ కళ్ళు నిజంగానే మెరిశాయి.

"చూశారా, ఎంత బాగున్నారో" అంది.

"బాగానే ఉన్నాను" అని ఒప్పుకుంది కుర్చీ పిన్ని. స్టూలు తీసుకెళ్ళి మిషను ముందు వేసుకుని కూర్చుంది. దారపు ఉండ అందుకోబోతే కోటు భుజాలను పట్టేసింది. పెడలు మీదికి కాలు చాచబోతే స్కర్టు రెండు మోకాళ్ళనూ కట్టేసింది. అలాగే కూర్చుని మేడమ్ వైపు తిరిగింది.

"నా చేయి లేవట్లేదు మేడమ్" అంది. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట ఇంత తేలిగ్గా వచ్చేసరికి ఆమెకే ఆశ్చర్యమేసింది. "పని చేతకాక కాదు. చేయి లేవక. నేను రేపట్నుంచి రాను."

చిన్న మేడమ్ మీ ఇష్టం అని వెళ్ళిపోయింది. కుర్చీ పిన్ని తన బట్టలు వేసుకుంది. గదిలో ఓ పది నిమిషాలు ఏదో సర్దింది. కత్తెర, కళ్ళజోడు జేబుల్లో వేసుకుని, స్టూలు చంకన పెట్టుకుని, ముందు తలుపులోంచే బయటికి నడిచింది. స్టూలు ఆమె సొంతం, ఇంటి నుంచి తెచ్చుకున్నది. బస్సు స్టాపులో జనం కిటకిటలాడుతున్నారు, అందరూ నిలబడి ఉన్నారు. స్టూలు కింద పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వుకోండి అనుకుంది. బస్సు వచ్చాక స్టూలుతో సహా ఎక్కి వెళ్ళిపోయింది.

దీపాలార్పడానికి కుట్టుగదిలోకి వచ్చిన చిన్న మేడమ్‌కు మిషను మీద యూనిఫారం కనిపించింది. కంపెనీ మడతల్లోనే మడిచి ఉంది, కాలరు కింద అట్టముక్క, గుండుసూదులు ఎక్కడివక్కడే. విప్పి దీపం కిందికి ఎత్తి పట్టుకుంది. రెండు చంకల కిందా, నడుముకు రెండు పక్కలా, వదులు చేయాల్సిన చోటల్లా, తెల్లటి సుద్దతో సన్నగా, తిన్నగా గీసిన గీతలున్నాయి.