గొళ్ళెం లేని తలుపు

కౌంటర్ మీద గుడ్డ తాను విప్పి పరుస్తూ, కొనడానికి వచ్చినావిడతో నవ్వుతూ మాట్లాడుతూనే, ఆ పిల్ల ఆపుకోలేక నిలుచున్నచోటే తడిసిపోయింది. అప్పుడే నేను గోడౌన్ నుంచి మూట తెచ్చి అక్కడ దించుతున్నాను. కళ్ళారా చూశాను. వచ్చినావిడ ముక్కు మూసుకుని జరిగిపోయింది. మేనేజరు పరుగున వచ్చి, పాత గుడ్డ ఒకటి ఆ పిల్ల చేతికే ఇచ్చి అందరి ముందూ నేల తుడిపించాడు. తుడిచింది. ఏడవలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఇది ఆ పిల్ల ఒక్కదాని గొడవ అనుకుంటే మీరు పొరబడినట్టే. అంత పెద్ద బట్టల షాపులో పనివాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒకటే బాత్రూం. గోడౌన్ పక్కన, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అదే. దానికి గొళ్ళెం లేదు. లోపల కూర్చుని కునుకు తీస్తున్నామని మేనేజరే ఊడదీయించాడు. అందుకని పై అంతస్తుల ఆడవాళ్ళు జంటగా దిగేవారు. ఒకరు లోపలికి వెళితే ఒకరు బయట తలుపు పట్టుకునేవారు. కౌంటర్ నుంచి ఒక్కరే కదలాలని మేనేజరు కొత్త రూలు పెట్టాక ఆ తోడు కూడా పోయింది. తోడు లేక వాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు.

నాకు మొదటినుంచీ తోడు లేదు. గోడౌన్‌లో అందరూ మగవాళ్ళే, నేనొక్కదాన్నే ఆడదాన్ని. లోపల ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టుకుని కూర్చుని, బయట ఎవరన్నా దగ్గితే లేచి నిలబడేదాన్ని. ఇంటికి వెళితే అక్కడా ఒక్కదాన్నే. ఆయన పోయాక తలుపు గొళ్ళెం పెట్టుకుంటే మళ్ళీ తెల్లారి నేనే తియ్యాలి, తట్టేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం అన్నాలు తినేది వెనక మెట్ల మీద. పై మెట్ల మీద ఆడవాళ్ళు, కింద మెట్ల మీద మూటలు మోసేవాళ్ళు, మధ్యలో ఎటూ కాకుండా నేను. ఆ పిల్ల వెళ్ళిపోయిన మర్నాడు ఎవరూ అన్నం డబ్బా మూత తియ్యలేదు. కౌంటర్లలో అందరికంటే పెద్దావిడని అందరూ పిన్ని అంటారు. ఆమే మొదలుపెట్టింది.

"మాకు వేరే బాత్రూం కావాలి. అడుగుదాం."

మూటలవాళ్ళ మేస్త్రీ మూతి తిప్పాడు. "మాకేమన్నా అందులో సింహాసనం వేశారా? అందరం పోయేది అందులోకేగా. మాకు లేని నొప్పి మీకేంటి?"

"నీ తలుపు ఎవరన్నా తోస్తే ఎవడ్రా అని అరుస్తావు. మా తలుపు తోస్తే మేం పని మానేసి ఇంట్లో కూర్చుంటాం. అదీ నొప్పి," అంది పిన్ని.

నేనూ మాట్లాడదామనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాను.

ఆడవాళ్ళు వెళ్ళి అడిగారు. మేనేజరు ఎదురు చెప్పకుండా సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆ బాత్రూం తలుపు మీదే బోర్డు వేలాడింది: స్త్రీలకు మాత్రమే. గొళ్ళెం మాత్రం రాలేదు. మరి మేమెక్కడికి పోవాలని మూటలవాళ్ళు అడిగితే, "మీ ఆడాళ్ళనే అడగండి, వాళ్ళేగా కోరుకుంది" అన్నాడట. వాళ్ళు వెనక సందులోకి పోతే అక్కడి ఇళ్ళవాళ్ళు తిట్టి తరిమారు.

మూటలవాళ్ళు అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నారు. వాళ్ళకి దగ్గర్లో ఉన్న ఆడది నేనే కదా. మూట నెత్తికెత్తాలంటే రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. ఒక్కడూ వెయ్యలేదు. నేను వస్తే మాటలు ఆపేసేవారు. తానులు విడివిడిగా చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ, ఈ లోకంలో నా పేరు పిలిచే మనిషి లేకపోయె అని కుమిలిపోయాను. ఒకరోజు మధ్యాహ్నం మెట్ల మధ్యలో తానులు జారి దొర్లిపోయాయి. కింద మేస్త్రీ చూస్తూ నిలుచున్నాడు. మొహం వాడిపోయి ఉంది. అతనూ పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టలేదని అప్పుడర్థమైంది.

దుఃఖం పోయి కోపం వచ్చింది. తానులు అక్కడే వదిలేసి, వెళ్ళి ఆ బోర్డు పీకి, అన్నాలకి చేరిన అందరి మధ్యా వెనక మెట్ల మీద పడేశాను.

"మేనేజరు బోర్డు తగిలించాడు, గది కట్టాడా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మొన్న మేం నీళ్ళు మానేశాం, ఇప్పుడు మీరు మానేశారు. ఉన్న ఒక్క గది కోసం మనల్ని కొట్టుకు చావమన్నాడు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందంటే ఇదే. ఆడాళ్ళకి ఒకటి, మగాళ్ళకి ఒకటి, రెంటికీ గొళ్ళేలు. అప్పటిదాకా నాతో మాట్లాడకపోతే మానెయ్యండి."

మేస్త్రీ ఆ బోర్డు తిరగేసి చూస్తూ గొణిగాడు. "పైన కొనేవాళ్ళకి అంతస్తుకి రెండేసి ఉన్నాయి. మనం అడుగుపెట్టకూడదంట."

"అడుగుపెడదాం," అంది పిన్ని.

తగ్గింపు ధరల రోజున షాపు కిటకిటలాడుతుంటే పనివాళ్ళం కౌంటర్లు వదిలి కదిలాం. కొనేవాళ్ళ ఆడ బాత్రూం ముందు ఆడవాళ్ళం, మగ బాత్రూం ముందు మగవాళ్ళు, వరస కట్టాం. మేనేజరు కేకలేసుకుంటూ వచ్చాడు.

"వరసలో ఉన్నాం సార్. మీకూ అవసరమైతే వెనక నిలబడండి," అన్నాడు మేస్త్రీ.

కొనేవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. ఒక ముసలావిడ మాత్రం నా ముందు నుంచి తప్పుకుని, ముందు నువ్వు వెళ్ళమ్మా అంది. మేం వరస వదల్లేదు. మేనేజరు పోలీసుల్ని పిలిచాడు.

రెండు వ్యాన్లు వచ్చాయి. "ఆడాళ్ళని ఇందులో, మగాళ్ళని అందులో ఎక్కించండి," అన్నాడు ఎస్సై.

"చూశారా, పట్టుకుపోవడానికైతే వేరువేరు దొరికాయి," అంది పిన్ని. ఆ వ్యానూ ఈ వ్యానూ ఒక్కసారే నవ్వాయి.

వ్యాన్‌లో ఎవరో నీళ్ళ సీసా నాకందించారు. నేను తాగకుండా, తలుపు దగ్గర నిలుచున్న ఆడ కానిస్టేబుల్‌ని అడిగాను. "అమ్మా, స్టేషన్‌లో ఆడాళ్ళకి బాత్రూం ఉందా?"

ఆమె ముందు సీటులోని ఎస్సై వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది.

"మాకే లేదక్కా."

పిన్ని పక్కకి జరిగి, బెంచీ మీద ఆమెకి చోటు చేసింది.