ఊరికే చూసిన బెజవాడ

శుక్రవారం పూట ఆడపిల్లను ఇంట్లోంచి పంపకూడదని అన్నది నేనే. ఇందులో మా ఆయన మీదికి నెట్టడానికి ఏమీ లేదు. ఊరందరూ నాకు నోట్లో నువ్వుగింజ నానదంటారు, నిజమే. ఆ రోజు మాత్రం ఆ నోరు నేను తెలిసే వాడుకున్నాను. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నా పిల్ల నా దగ్గర ఎక్కువ ఉంటుందని.

మాది ముసునూరు. నూజివీడు నారాయణరావు గారు ఏటా మామిడి తోటలు గుత్తకు తీసుకుంటారు. పూత మొదలవగానే మేం ముగ్గురం తోటలో గుడిసె వేసుకుని కాపలాకు చేరతాం. మా ఆయన కొండయ్య, నేను, మా అమృతం. ఆఖరి కోత అయ్యేదాకా వండుకోవడం, పడుకోవడం అన్నీ చెట్ల కిందే. అమృతానికి ఆ ఏడు, అంటే ఎనభై ఐదులో, తొమ్మిదేళ్ళు. కోతుల్ని తోలడానికి అది ఒక్క కేక పెడితే పక్క తోటలో కోతులు కూడా లేచిపోయేవి.

ఆఖరి కోతనాడు నారాయణరావు గారు గట్టు మీద నిలబడి చెప్పారు.

"కొండయ్యా, మా పుష్పావతికి రెండో కాన్పు అయింది కదా. బెజవాడలో అత్తారింట్లోనే ఉంది. ఉయ్యాల ఊపడానికి ఓ పిల్ల కావాలంట. మీ పిల్లని పంపు. తిండి, బట్ట వాళ్ళే చూసుకుంటారు. పక్క వీధిలో బడి కూడా ఉంది, వేస్తారులే. గురువారం కల్లా చేర్చు."

"చిత్తం అండీ" అన్నాడు మా ఆయన.

అంతే. నా కడుపున పుట్టిన పిల్ల సంగతి ఆ రెండు మాటల్లో తేలిపోయింది. కాదంటే వచ్చే పూతకు తోట ఇంకొకళ్ళది. ఆ మాట నారాయణరావు గారు అనలేదు. అనక్కర్లేదు కూడా. గురువారమే ఎందుకో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. పెద్దవాళ్ళు చెప్పినదాన్ని ఎందుకని అడిగే అలవాటు మాకు లేదు మరి.

గుడిసెలోకి వచ్చాక మా ఆయన్ని కడిగేశాను.

"ఊరుకోవే. కాయ చెట్టు మీదే ఉంటే పండుద్దా? కోసి మాగేస్తేనే గదా పండేది" అన్నాడు.

"కోసిన కాయకి సొన కారదా?" అన్నాను.

ఆయన నాకు జడిసి తోటలోకి పోయాడు.

పిల్లకు మాత్రం ఇద్దరం ఒకటే చెప్పాం, బెజవాడ చూపించడానికి తీసుకెళ్తున్నామని. అది రెండు రోజులు నిద్రపోలేదు. గట్టు మీద పోయే ప్రతివాళ్ళనీ ఆపి "మేం బెజవాడ పోతున్నాం" అని చెప్పింది. వింటుంటే నా ప్రాణం చచ్చిపోయేది.

గురువారం పొద్దున్నే బయలుదేరాం. పెద్దింటికి వట్టి చేతులతో వెళ్ళకూడదని రసాలు ఏరి, వరిగడ్డిలో పేర్చి, గంప కట్టాడు మా ఆయన. ఆగిరిపల్లి దాటాక బస్సు టైరు పేలింది. అది బాగయ్యి బెజవాడ చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఈ వేళప్పుడు వెళ్తే వాళ్ళకు మళ్ళీ వంట పని అని, కృష్ణ ఒడ్డున సత్రంలో పడుకున్నాం.

తెల్లారి గంప ఎత్తబోతున్నాడు మా ఆయన. నేను అన్నాను.

"ఏవయ్యా, ఇయ్యాళ ఏం వారం?"

"శుక్రవారం."

"శుక్రవారం పూట ఆడపిల్లని ఎవరన్నా పంపిస్తారా? లక్ష్మిని గడప దాటించినట్టు గాదూ?"

ఆయన నావంక చూశాడు. ఇంట్లోంచి పంపడం గురువారమే అయిపోయిందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తోటలో గుడిసెకు గడపే లేదు. ఆయన గంప కింద పెట్టి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నిజమేలే. పద అయితే, పిల్లకి ఊరు చూపిద్దాం" అన్నాడు.

ఇక చూడాలి ఆయన హుషారు! మామిడి లారీ మీద హమాలీగా నాలుగైదుసార్లు బెజవాడ వచ్చిన మనిషి. ఊరంతా ఆయనే కట్టించినట్టు ముందు నడిచాడు. నెత్తి మీద గంప, వెనక మేం ఇద్దరం. "ఇక్కడ అన్నీ ఊరికే చూడొచ్చు అమ్ములూ. మనకి తెలియాలంతే" అన్నాడు. తిరుగు బస్సుకు తప్ప ఆయన దగ్గర డబ్బేమీ లేదని పిల్లకు తెలియదు.

ముందు కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకున్నాం. శుక్రవారం కదా, జనం విరగబడి ఉన్నారు. అందరికీ ప్రసాదం పంచారు. పులిహోర దొప్ప చేతికి రాగానే పిల్ల నా చెవిలో "దీనికేం అడగరా?" అంది. "అడగరు, తిను" అన్నాను. అమ్మవారికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఏం కోరుకోవాలో నాకు తెలియలేదు. వాళ్ళ ఇల్లు మంచిదవ్వాలనా, అసలు పిల్లను వద్దనాలనా? రెండూ కోరుకున్నాను. అమ్మవారికి తిక్క పుట్టి ఉంటుంది.

తరవాత బ్యారేజీ. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాం. పిల్ల గేట్లు లెక్కపెడుతూ, లారీ వచ్చినప్పుడల్లా లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చేది. ఒక పక్క నిండా నీళ్ళు, రెండో పక్క ఇసుక.

"ఆ నీళ్ళు ఇటు ఎందుకు రావు నాన్నా?"

"తలుపులు వేశారు గదా."

"ఎవరడిగితే తీస్తారు?"

"మనబోటోళ్ళు అడిగితే తియ్యరులే" అని నవ్వాడు ఆయన. నాకు నవ్వు రాలేదు.

ఎండ మాడ్చేస్తోంది. కాలవ వంతెన దగ్గర చలివేంద్రం ఉంది. కుండల్లో నీళ్ళు, పెద్ద గంగాళంలో మజ్జిగ. అందులో కొత్తిమీర, నిమ్మాకు కూడా వేశారు. మా అమృతం మూడు గ్లాసులు తాగింది. పోసే ముసలాయన "ఇంకోటి తాగవే తల్లీ" అన్నాడు. పిల్ల మూతి తుడుచుకుని, "అమ్మా, ఈ ఊళ్ళో అందరూ మంచోళ్ళే" అంది. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నువ్విక్కడే ఉండాలే, రేపట్నుంచి ఇదే నీ ఊరు అని నోటిదాకా వచ్చింది. మా ఆయన వంక చూశాను, నువ్వు చెప్పు అన్నట్టు. ఆయన నా వంక చూశాడు. ఇద్దరం మళ్ళీ మజ్జిగ తాగాం.

గాంధీ కొండ మీద చిన్న రైలు తిరుగుతోంది. దానికి టిక్కెట్టు ఉంది. పిల్ల అడగలేదు. కమ్మీ పట్టుకుని రైలు ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు తలకాయ తిప్పింది. అడిగి ఏడ్చినా బాగుండేది, ఒక్కటి అంటించి ఊరుకోబెట్టేదాన్ని. గంపలోంచి ఒక పండు తీసి దాని చేతిలో పెట్టాను. "వాళ్ళకి గదే" అన్నాడు మా ఆయన. "వాళ్ళకి పిల్లనే ఇస్తన్నాం, పండు తగ్గితే ఏం పోయింది?" అన్నాను గొణుగుతూ. పిల్ల వినలేదు, రసం మోచేతిదాకా కారుతుంటే నాకుతోంది.

సాయంత్రం ఏలూరు రోడ్డులో ఒక దుకాణం అద్దంలో టీవీ పెట్టారు. బయట యాభై మంది నిలబడి చూస్తున్నారు. మా ఆయన గంప నాకిచ్చి పిల్లను భుజాల మీద ఎక్కించుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, కాళ్ళు ఆయన నడుం దాకా వేలాడుతున్నాయి. ఎవరో వార్తలు చదువుతున్నారు. బయటికి మాట వినపడదు. అయినా గంటసేపు దించలేదు.

"నాన్నా, మళ్ళీ ఏడాది కూడా వద్దాం" అంది పైనుంచి. ఆయన "ఊఁ" అన్నాడు. దాని కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

శనివారం పొద్దున్న నేను ఇంకో వంక వెతికాను. దొరకలేదు. దొరికినా ఆయన వినేలా లేడు. "మాటిచ్చాం నాగేంద్రం" అన్నాడు. గవర్నరుపేటలో వాళ్ళ ఇల్లు అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాం.

మేడ ఇల్లు. వసారాలో కూర్చోమన్నారు. స్టీలు గ్లాసులతో కాఫీ ఇచ్చారు. పుష్పావతమ్మ చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. చిన్నప్పట్నుంచీ ఎరుగుదును, మంచి మనిషి. మమ్మల్ని చూసి "అయ్యో!" అంది.

"ఏంటి నాగేంద్రమ్మా, ఇవాళ వచ్చారు? నిన్న బారసాల కదా. ఇల్లంతా చుట్టాలు. సందు చివర చూపు పెట్టుకుని కూర్చున్నాం. శుక్రవారం పూట ఆడపిల్ల ఉయ్యాల ఊపితే లక్ష్మి వచ్చినట్టని మా అత్తగారి పట్టుదల. మీరు రాకపోయేసరికి పక్కింటివాళ్ళు విస్సన్నపేట పిల్లని తెచ్చి పెట్టారు. అది ఉయ్యాల తాడు పట్టుకోగానే వీడు ఏడుపు మానేశాడు. ఇంక ఈ పిల్లే ఉండాలని అత్తగారు అనేశారు."

లోపల ఉయ్యాల పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది, మా అమృతం ఈడుదే.

నాకు ప్రాణం లేచి వచ్చింది. లక్ష్మిని పంపకూడదని నేనంటే, ఆ లక్ష్మే రావాలని వాళ్ళు కూర్చున్నారు. మంచిదేగా! ఆ విస్సన్నపేట తల్లి ఎవరో, ఆమె గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఉన్నమాట చెప్తున్నాను. గంప అక్కడే వదిలేసి పిల్ల చెయ్యి పట్టుకున్నాను. "పర్లేదండి అమ్మాయిగారూ, మేం ఎల్లొస్తామండి" అన్నాను.

"ఉండండి ఉండండి" అని లోపల్నుంచి ఇంకో ఆవిడ వచ్చింది. పుష్పావతమ్మ ఆడపడుచు కామేశ్వరమ్మ. బారసాలకు మద్రాసు నుంచి వచ్చిందట. మా అమృతాన్ని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చురుగ్గా ఉంది. దీన్ని నేను తీసుకెళ్తా. మా ఇంట్లోనూ చిన్నవాళ్ళున్నారు. సాయంత్రం బండికే నా ప్రయాణం."

మద్రాసు! మా ఆయన లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"పిల్లకి అరవం రాదండి" అన్నాను.

"మా ఇంట్లో తెలుగేలే. నాలుగు నెలలుంటే అదీ వచ్చేస్తుంది."

"మళ్ళీ ఎప్పుడు పంపుతారండి?"

"వచ్చే వేసవికి ఎవరన్నా ఇటు వస్తుంటే చూద్దాం."

ఎవరన్నా వస్తుంటేనట! పుష్పావతమ్మ "నాన్నని ఒక మాట అడుగుదాం" అని నూజివీడుకు ఫోను బుక్ చేసింది. నారాయణరావు గారు వద్దంటారేమోనని నాకు ఆశ. అరగంటకు లైను కలిసింది. ఆవిడ మాట్లాడి, ఫోను మా ఆయన చేతికిచ్చింది. ఆయన జన్మలో ఫోను పట్టుకోలేదు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చెవికి దూరంగా పట్టుకున్నాడు. అందుకే నాకూ వినబడింది.

"ఎక్కడైతే ఏంటి కొండయ్యా, అందరూ మనవాళ్ళేగా. పిల్లనిస్తానన్నావు, ఇచ్చెయ్యి."

నేను చెయ్యి అడ్డంగా ఊపాను. వద్దను, ఒక్కసారి వద్దను అని. ఆయన నన్ను చూస్తూనే ఫోనుకు తల ఊపాడు. అవతలివాళ్ళకు కనపడదని గుర్తొచ్చి "చిత్తం అండీ" అన్నాడు.

ఇక నాకు సిగ్గేముంది! పుష్పావతమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మేం గురువారమే ఊళ్ళోకొచ్చామండి. ఆయన తెస్తానంటే నేనే ఆపానండి. తప్పు నాది. దాన్ని ఇక్కడే ఉంచుకోండి తల్లీ, అంట్లు తోముద్ది, గుడ్డలు ఉతుకుద్ది, ఏమన్నా చేసుద్ది. ఇక్కడైతే బస్సెక్కి చూసుకుంటా" అన్నాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు వంక, అత్తగారి గది వంక చూసింది. ఆవిడ చేతుల్లోనూ ఏమీ లేదు.

"గురువారమే వచ్చారా? మరి నిన్నంతా ఏం చేశారు?" అంది.

జవాబు మా అమృతం చెప్పింది, సంతోషంగా.

"ఊరు చూశామండి! గుడి, బ్యారేజీ, టీవీ. మజ్జిగ మూడు గ్లాసులు తాగానండి. ఎక్కడా ఒక్క పైసా అడగలేదండి!"

వసారా అంతా నవ్వారు. కామేశ్వరమ్మ దాని తల నిమిరింది. "మా ఊళ్ళో సముద్రం ఉంది, చూస్తావా? దానికీ ఎవరూ డబ్బులడగరు."

పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మా, మనం సముద్రానికి వెళ్తన్నామా?"

నేను ఎన్నో అనగలిగినదాన్ని. ఊళ్ళో నా నోటికి ఎదురొచ్చినవాళ్ళు లేరు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది కూడా ఆ నోరే. అప్పుడు మాత్రం దానికి ఒక్క నిజం కూడా రాలేదు.

"నువ్వు ఈ అమ్మగారితో ముందెళ్ళు. మేం ఎనకాల వస్తాం" అన్నాను.

పిల్ల వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన గోడ వైపు తిరిగి గంపలో గడ్డి సర్దుతున్నాడు.

"సరే. మీరొచ్చేదాకా నేను సముద్రం చూడనులే అమ్మా. ముగ్గురం కలిసే చూద్దాం" అంది.

అలాగే అన్నాను. ఇంకేమనాలి?