మూత మీద చెయ్యి

"అక్కా, రేపు ఒక్క పూట వచ్చి నా పక్కన కూర్చోవే. నన్ను మూత తీయనివ్వకు, అంతే చాలు," అంది చెల్లి ఫోన్‌లో.

ఇంట్లో దాని పేరు తూనీగ. ఉడుకుతున్న అన్నం మీద మూత మూడుసార్లు తీయందే దానికి తోచదు. ఇప్పుడు ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది కానీ ఆ బుద్ధి మాత్రం మారలేదు.

మర్నాడు దాని ప్రయోగశాలకు వెళ్లాను. పరికరం మా కుట్టుమిషన్ పెట్టెకంటే కాస్త పెద్దది. లోపల గోరంత స్ఫటికపు పలక. దాని మీద అంటించిన యాంటీబాడీలు, గుండె దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను పట్టుకుంటాయట. కింది నుంచి కంటికి కనపడని పరారుణ కాంతి పంపితే, ప్రొటీన్ పట్టుబడిన మేరకు తెర మీద గీత ఒకచోట లేస్తుంది. గాలిలోని తేమ కూడా సరిగ్గా అక్కడే గీతను రంపంలా పళ్లు పళ్లుగా చేసేస్తుంది. అందుకే పెట్టెలోకి ఎప్పుడూ పొడిగాలి వదులుతుంటారు. మూత తీస్తే మళ్లీ మొదటికే.

"మూడు పలకలు అలాగే పాడుచేశాను. ఇదే ఆఖరిది. ఇవాళ కూడా తేలకపోతే మా గైడ్ మేడమ్ నన్ను వేరే పనిలో వేసేస్తారు. రెండేళ్ల పని, అక్కా."

"మరి తీయడం ఎందుకే?"

"గొట్టంలో గాలిబుడగ ఇరుక్కుందేమోనని భయం."

స్టూలు లాక్కుని మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చిన్న పంపు మొదట ఉత్త ఉప్పునీళ్లను గొట్టం గుండా పలక మీదికి పంపింది. గీత చదునుగా సాగింది. తర్వాత ప్రొటీన్ కలిపిన నీళ్లు. గీత కొద్దిగా లేచి, ఉన్నట్టుండి కిందికి పడింది.

"బుడగే! చెయ్యి తియ్యి!"

"తీస్తే బుడగ పోతుందా?"

"పోదు, కనిపిస్తుంది."

"కనిపిస్తే?"

"గొట్టం మీద తడతాను."

"గొట్టం ఇదిగో, బయటికి కూడా వచ్చిందిగా. ఇక్కడే తట్టు."

నన్ను కొరకొరా చూసి, వేలితో రెండుసార్లు తట్టింది. పంపు వేగం పెంచింది. ఆవగింజంత బుడగ ఒకటి గొట్టంలో జారుకుంటూ వచ్చి చివరనున్న సీసాలో పడింది. గీత మళ్లీ లేచింది.

"హమ్మయ్య," అన్నాను.

"అప్పుడే కాదు. పట్టుబడకుండా పలక మీద ఊరికే వాలిన ప్రొటీన్లూ ఉంటాయి. కడిగాక మిగిలిందే లెక్క."

ఉప్పునీళ్లతో కడుగుతుంటే గీత దిగసాగింది. సగానికి వచ్చింది. ఇంకా దిగింది. చెల్లి లేచి నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. అది అంతసేపు కదలకుండా ఉండటం నేనెన్నడూ చూడలేదు. మూడో వంతు దగ్గర గీత ఆగింది. పది నిమిషాలైనా అక్కడే ఉంది, పళ్లు లేకుండా, నున్నగా.

"అనుకున్నదానికంటే తక్కువే," అంటూ వచ్చిన అంకెను వచ్చినట్టే పుస్తకంలో రాసుకుంది.

మేడమ్ వచ్చి కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "కడిగినా నిలబడింది కదా. ఇంకో నాలుగు పలకలు తెప్పించు." అప్పుడు నన్ను గమనించారు. "వీరెవరు?"

"మా అక్కండీ."

"ఆ చెయ్యి?"

"అది పరికరంలో భాగం, మేడమ్."

ఆవిడ నవ్వలేదు. "అయితే ఆ నాలుగు పలకలకీ ఆవిడను రమ్మనమ్మా," అని వెళ్లిపోయారు.

తలుపు మూసుకోగానే చెల్లి నా భుజం మీదికి వంగింది.

"అక్కా, ఇప్పుడైనా ఒక్కసారి తీసి చూడనా?"