పత్తిలో నీళ్లు

రోజారాణి సొంతూరు మంథని. ఉద్యోగం మాత్రం ఉట్నూర్ దారిలో ఉన్న చింతల్‌వాడ ప్రాథమిక పాఠశాలలో. ఆ బడికి టీచర్లు ఇద్దరే. ఒకరు హెడ్మాస్టర్ కొమురెల్లి సారు, ఇంకొకరు ఆమె. నాలుగో తరగతికి పరిసరాల విజ్ఞానం ఆమే చెప్పేది.

పదార్థాలు, వాటి మార్పుల పాఠం మొదలుపెట్టిన రోజు తడిబట్టతో నల్లబల్ల తుడిచింది. కాసేపటికి బల్ల ఆరిపోయింది.

"తడి ఎటు పోయింది?" అని అడిగింది.

"ఎండ తాగింది టీచర్," అంది మొదటి వరుసలో కూర్చున్న అలేఖ్య.

"నువ్వు చూసినవా?"

"లే. మా బాపమ్మ చెప్పింది."

"బాపమ్మ చెప్పింది మాట. మనకు కావాల్సింది ఆధారం."

తడిగుడ్డ ఒకటి తీగ మీద ఆరేయించి, ఇంకొకటి తెల్లటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టించి రెంటినీ ఎండలో ఉంచింది. గంటకు తీగ మీది గుడ్డ ఆరింది. కవరు లోపలివైపంతా నీటిచుక్కలు. పిల్లలు ఒక్కొక్కరూ వేలు పెట్టి చూశారు. నీళ్లు ఎండ తాగలేదు, ఆవిరై గాలిలో కలిశాయి, దారి మూసేస్తే మళ్లీ నీళ్లయ్యాయి. అది వాళ్లు కళ్లతో చూసిన సంగతి. ఈ తరగతిలో ఇక నుంచి ఆధారం లేనిదే ఎవరూ ఏమీ చెప్పకూడదని, ఆ నియమం తనకూ వర్తిస్తుందని రోజారాణి ప్రకటించింది.

ఆధారం అనే మాట పిల్లల నోట నిలవలేదు. సాయంత్రానికల్లా అది సబూత్ అయింది.

ఆ సబూత్ ఇళ్లకు చేరాక ఊరికి కొంత ఇబ్బంది మొదలైంది. అలేఖ్య తండ్రి గోపాల్ దుబాయ్‌లో పనిచేస్తాడు. పిల్ల తాత హనుమండ్లు, నానమ్మ యాదవ్వల దగ్గరే పెరుగుతోంది. ఒకరోజు యాదవ్వ పప్పులో ఉప్పు వేశానంటే అలేఖ్య నమ్మలేదు. ఉప్పు కనబడటం లేదు కాబట్టి వేసిన సబూత్ చూపించమంది. యాదవ్వ చూపించలేకపోయింది. మర్నాడు అలేఖ్యే గిన్నెలో ఉప్పునీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, నీళ్లన్నీ ఇగిరాక అడుగున మిగిలిన తెల్లటి పొరను నానమ్మకు చూపించింది. ఉప్పు దొరికింది గానీ గిన్నె మాడిపోయింది. యాదవ్వ ఆ గిన్నె పట్టుకుని బడికొచ్చి కొమురెల్లి సారు బల్ల మీద పెట్టింది.

"బడికి పంపింది సదువు నేర్వనీకె సారూ, గిన్నెలు మాడవెట్టనీకె కాదు," అని చెప్పి వెళ్లిపోయింది.

కొమురెల్లి సారు గొడవలకు దూరంగా ఉండే మనిషి. ఆ గిన్నెను రెండు రోజులు బీరువాలో దాచి, మూడో రోజు అలేఖ్య చేత ఇంటికి పంపించాడు.

నవంబరులో హనుమండ్లు ట్రాక్టర్ నిండా పత్తి వేసుకుని కరుణాకర్‌రావు జిన్నింగ్ మిల్లుకు పోయాడు. అమ్మకుండానే తిరిగొచ్చాడు. అదే పొద్దున ఆ పత్తిలోంచే కొంత గోనెసంచిలో నింపుకుని సరాసరి బడికి వచ్చాడు.

"సేటు మిషన్ తేమ నూటికి పదహారు అంటుంది టీచరమ్మా. పన్నెండు దాటితే తరుగు తీస్తడు. నా పత్తి పదకొండు దాటది. మీ పోరగాండ్లు సబూత్ సబూత్ అంటున్నరు గదా, గా మిషన్ అబద్ధం ఆడుతుందని సబూత్ తియ్యుండ్రి."

"పదకొండని మీకెట్ల తెలుసు?" అని అడిగింది రోజారాణి.

"ముప్పై ఏండ్ల సంది పత్తి పండిస్తున్న. నాకు తెల్వదా?"

అది ఆధారం కిందికి రాదని ఆమెకు తెలుసు. అయినా ఒక రైతు తనంతట తాను రుజువు అడుగుతూ బడి మెట్లెక్కడం ఆమె పదేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. పాఠం నిజంగా ఒకరికి పనికొస్తుందన్న సంతోషంలో వెంటనే ఒప్పుకుంది.

"మనకెందుకు మేడం," అన్నాడు కొమురెల్లి సారు. "రైతు, సేటు వాళ్లు వాళ్లు చూసుకుంటరు. మనం పుస్తకం చెప్పుకుందాం."

"పుస్తకంలో ఉన్నదే సార్."

సారు పుస్తకం తెప్పించుకుని చూశాడు. నీరు ఆవిరి కావడం అందులో నిజంగానే ఉంది. ఆయనకు ఇక దారి లేకపోయింది.

కిరాణా కొట్టు చంద్రవ్వ దగ్గర నుంచి పిల్లలు కాంటా తెచ్చారు. ముందు కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి కాంటా సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించారు. చూపించింది. తర్వాత హనుమండ్లు పత్తి ఒక కిలో తూచారు. పోల్చి చూడటానికి చంద్రవ్వ ఇంటి మిద్దె మీది పత్తి ఇంకొక కిలో తూచారు. రెంటినీ వేర్వేరు దుప్పట్ల మీద పరిచి బడి స్లాబు మీద ఎండబెట్టారు. మేకలు రాకుండా, గాలికి లేవకుండా, రాత్రి మంచు పడకుండా రెండు రోజులు కాపలా కాశారు. సాయంత్రం కాగానే మూటకట్టి తరగతి గదిలో పెట్టడం, పొద్దున్నే మళ్లీ పరచడం. ఒక్క గింజ కూడా పోకూడదని రోజారాణి ఆజ్ఞ.

మూడో రోజు తూకానికి సగం ఊరు వచ్చింది. అందరికంటే ముందు, తలకు కొత్త రుమాలు చుట్టుకుని హనుమండ్లు నిలబడ్డాడు.

చంద్రవ్వ పత్తి తొమ్మిది వందల యాభై గ్రాములు తూగింది. హనుమండ్లు పత్తి ఎనిమిది వందల ఇరవై.

అలేఖ్య నల్లబల్ల మీద రెండు అంకెలూ రాసి, వెయ్యిలోంచి తీసేసి, చదివింది. "చంద్రవ్వ పత్తిల యాభై గ్రాముల నీళ్లు పోయినయి. మా తాత పత్తిల నూట ఎనభై పోయినయి. అంటే నూటికి పద్దెనిమిది."

రోజారాణి తరగతిలో అలవాటైన ప్రశ్నే వేసింది. "రెండూ ఒకే ఊరి పత్తి కదా. ఇంత తేడా ఎందుకొచ్చిందంటారు?"

"మా తాత నీళ్లు చల్లిండు టీచర్," అంది అలేఖ్య. "డ్రమ్ముల చెంబు ముంచి ఇచ్చింది నేనే."

ఊరు హనుమండ్లు వైపు చూసింది. ఆయన సిగ్గుపడలేదు. ఆయనకు నిజంగానే కోపమొచ్చింది.

"చల్లకుంటే ఎట్ల? సేటు ఎట్లాగూ కోస్తడని అందరం చల్లుతం. నేను చల్లింది ఒక్క డ్రమ్ము. పదకొండుకు సరిపోయేటట్టు చూసుకొనే చల్లిన. ఒక్క డ్రమ్ముకు పదహారెట్ల అయితది, పద్దెనిమిదెట్ల అయితది?"

"ఒకటి కాదు తాతా," అంది అలేఖ్య. "రెండోది గూడ సగం అయింది."

మూడు రోజుల పాటు అలేఖ్య బడికి రాలేదు. ఊరి ఆడవాళ్లు రోజారాణిని చూసి పలకరించడం మానేశారు. నల్లబల్ల మీది అంకెలను ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. అది దుబాయ్‌లో గోపాల్‌కు చేరింది, మిల్లులో కరుణాకర్‌రావుకూ చేరింది. గోపాల్ ఫోన్ చేసి తండ్రిని ఏమన్నాడో తెలియదు. కరుణాకర్‌రావు మాత్రం కారులో స్వయంగా వచ్చాడు.

"పిల్లలు దేవుళ్లు మేడం," అన్నాడు ఎంతో మర్యాదగా. "నా మిషన్ పదహారు అన్నది. పద్దెనిమిది ఉంటే రెండు నేనే ఒదిలేసినట్టు. గిది ఇన్నేండ్లు నేను చెప్తే ఎవ్వరూ నమ్మలే."

ఫొటోను పెద్ద ఫ్లెక్సీ వేయించి మిల్లు గేటుకు కట్టించాడు. బడికి కొత్త ఎలక్ట్రానిక్ కాంటా బహూకరిస్తానని సభ పెట్టించాడు. కొమురెల్లి సారు షామియానా వేయించాడు. యాదవ్వ కూడా మనసు మార్చుకుని అలేఖ్యను పంపించింది, సభలో లడ్డూలు పంచుతారని విని.

కరుణాకర్‌రావు రోజారాణికి శాలువా కప్పి, సత్యం గురించి పావుగంట మాట్లాడి, కాంటాను బల్ల మీద పెట్టించాడు. అది మరీ కొత్తదేం కాదు. మిల్లుకు చిల్లరగా పత్తి తెచ్చే ఆడవాళ్లకు తూకం వేసే కాంటా. తుడిపించి తెచ్చాడు.

పిల్లలకు ఒకటే పద్ధతి తెలుసు. కొత్త కాంటా వస్తే ముందు పరీక్షించాలి. ఎవరూ చెప్పకుండానే అలేఖ్య వెళ్లి కిలో ఉప్పు ప్యాకెట్ తెచ్చి దాని మీద పెట్టింది. తొమ్మిది వందల అరవై అని చూపించింది.

"ప్యాకెట్ తక్కువున్నట్టుంది," అన్నాడు కరుణాకర్‌రావు.

ఇంకో ప్యాకెట్ పెట్టారు. తొమ్మిది వందల అరవై. చంద్రవ్వ కొట్లోంచి ఇనుప కిలో రాయి తెచ్చి పెట్టారు. తొమ్మిది వందల అరవై.

"బ్యాటరీ అయిపోయినట్టుంది," అన్నాడు ఆయన.

పిల్లలు బ్యాటరీ కూడా మార్చారు. వాళ్ల ఉత్సాహాన్ని ఆపడం ఎలాగో రోజారాణికి తెలియలేదు. ఆపాలని ఆమెకు పెద్దగా అనిపించలేదు కూడా. షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లు, ఆ కాంటా మీద పత్తి అమ్మినవాళ్లు, వేళ్ల మీద లెక్కలు మొదలుపెట్టారు. కొమురెల్లి సారు లడ్డూలు తొందరగా పంచమన్నాడు.

కాంటా రిపేరుకని అదే కారులో వెనక్కి పోయింది. ఫ్లెక్సీ ఆ సాయంత్రమే దిగింది.

వారం తిరక్కముందే చింతల్‌వాడలో ఎన్నడూ జరగని పని జరిగింది. హనుమండ్లు, కరుణాకర్‌రావు ఒక్క మాట మీదికి వచ్చారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కొమురెల్లి సారు గదిలో చాయ్ తాగారు.

"టీచరమ్మ మంచిదే," అన్నాడు హనుమండ్లు. "గని పిల్లలు పరేషాన్ చేస్తుండ్రు."

"పిల్లలకు ముందు భాష రావాలె," అన్నాడు కరుణాకర్‌రావు. "మేడం తెలుగు చెప్తే బాగుంటది."

మర్నాటి నుంచి నాలుగో తరగతికి రోజారాణి తెలుగు చెప్పాలని, పరిసరాల విజ్ఞానం తానే చూసుకుంటానని సారు కాలపట్టిక మార్చాడు. ఆమె వాదించలేదు. ఆ రాత్రి మంథనిలో ఉన్న తల్లికి ఫోన్ చేసి, పని భారం కొంచెం తగ్గిందని చెప్పింది. చెప్పాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

శనివారం ఉట్నూర్ జీపు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా హనుమండ్లు వచ్చాడు. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు.

"టీచరమ్మా, ఫికర్ వెట్టుకోకు. నీ మీద నాకేం కోపం లేదు. ఒక్క మాట అడుగుత, చెప్తవా?"

"అడుగుండ్రి."

"పత్తి మంచిగ ఎండినంక, ట్రాక్టర్ లోడుకు ఎన్ని నీళ్లు చల్లితే పన్నెండు దాటకుండ ఉంటది? నేను అందాజ మీద చల్లి మోసపోయిన. పిల్లలతోని జర లెక్క కట్టియ్యరాదు?"

రోజారాణికి ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. రెండింటినీ ఆపుకుంది.

"నేనిప్పుడు తెలుగు చెప్తున్న పెద్దాయనా."

"అవును గదా," అని ఆయన కాస్త బాధపడ్డాడు. "సరే తియ్యి. కొమురెల్లి సారును అడుగుత. సారుకు గూడ నాలుగెకరాల పత్తి ఉన్నది."

జీపు వచ్చింది. రోజారాణి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఇరవై అయిదు క్వింటాళ్ల లోడు అనుకుంటే, పన్నెండు శాతానికి ఎన్ని లీటర్లు? ఆ లెక్క వేయకూడదని గట్టిగా అనుకుంది. రెండు ఊర్లు దాటేసరికి వేస్తూనే ఉంది. లెక్క తెగలేదు. ఎండలో ఎంత ఆరినా పత్తి లోపల కొంత నీరు మిగిలే ఉంటుంది. అది ఎంతో ఆమెకు తెలియదు. పిల్లల లెక్కలో ఆ సంగతి రాలేదు, తనకూ తట్టలేదు. ఉట్నూర్‌లో దిగేసరికి, దాన్ని కనిపెట్టడానికి పిల్లల చేత ఏం చేయించాలో ఆమెకు సగం దాకా తోచింది.